మీ ఫీడ్ ఎవరి చేతిలో ఉంది?

పొద్దున లేవగానే ఫోన్ తీస్తాం కదా, అందులో కనిపించేవన్నీ మనం ఎంచుకున్నవేనా? కాదు. తెలుగు బ్లాగులు జోరుగా ఉన్న రోజుల్లో లేఖినిలో టైప్ చేసి రాసేవాళ్లు, కూడలిలో కొత్త పోస్టులన్నీ వరసగా కనిపించేవి. ఇలాంటివాటికి ఆధారం ఆర్ఎస్ఎస్. సైటు తన కొత్త పోస్టుల జాబితాని ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్లో పెడుతుంది, రీడర్ దాన్ని తెచ్చి చూపిస్తుంది. అంతే! నాలుగు లైకులు కూడా రాని రచయిత ఆరు నెలలకి ఒకసారి రాసినా మనకి అందుతుంది.

2013 జూలై 1న గూగుల్ రీడర్ మూసేశాక ఆర్ఎస్ఎస్ పని అయిపోయిందనుకున్నారు చాలామంది. అవలేదండీ. వర్డ్‌ప్రెస్ బ్లాగు అడ్రస్ చివర స్లాష్ పెట్టి ఫీడ్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి, చాలావాటికి వస్తుంది.

కోడింగ్ నేర్చుకుంటున్నారా? ఇంకో టు-డూ యాప్ ఎందుకు, ఆ ఫైల్ చదివే చిన్న రీడర్ రాయండి. ఆటమ్ ఫీడ్ తగిలితే డేట్ ఫార్మాట్ మారి తల తిరుగుతుంది, అది వేరే కథ. బ్రౌజర్ నుంచి నేరుగా తెస్తే మాత్రం సీఓఆర్ఎస్ అడ్డుపడొచ్చు, సర్వర్ వైపు నుంచి తెచ్చుకోండి.