చలిజ్వరమునకు లెక్క

చలిజ్వరమును గూర్చి వైద్యులు చెప్పగా మీరు పలుమారులు వినియుందురు. నేడు నేను చెప్పబోవునది మందును గూర్చి కాదు, లెక్కను గూర్చి. జ్వరమునకు లెక్కతో నేమి పని యని సందేహము కలుగవచ్చును. ఊరిలో జ్వరము పెరుగుటయు తరుగుటయు కొన్ని సంఖ్యలకు లోబడియుండుననియు, ఆ సంఖ్యలలో కొన్ని మన చేతిలోనే యున్నవనియు చూపుట నా యుద్దేశము.

అమ్రాబాదు సీమవారికి ఇది దూరపు విషయము కాదు. మన్ననూరు దాటినది మొదలు కృష్ణలోయ వరకును నల్లమల యడవి. అందందు చెంచుల పెంటలు. వానలు వెలిసిన పిమ్మట రాతిగుంటలలోను వాగుల యంచులందును నిలిచిన తేటనీరు. చలిజ్వరమును మోయు అనాఫిలిస్ దోమలకు ఇట్టి నీళ్లే పుట్టినిండ్లు. వానిలో ఒక జాతి గుంటలలో పుట్టి పసులకొట్టములలో తలదాచుకొనును. మరియొక జాతి మెల్లగా పారు కొండవాగులలో పెరుగును.

ఈ జ్వరపు రహస్యము మన గడ్డమీదనే బయటపడినది. 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదు చెంత బేగంపేటలో, సైనికవైద్యుడగు రొనాల్డు రాసు హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమ కడుపును సూక్ష్మదర్శినితో శోధించి, అందు మలేరియా క్రిమి పెరుగుచుండుట కనిపెట్టెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. అయితే దోమలే కారణమని తెలిసినను, లోకములోని దోమలనన్నింటిని చంపుట యెవరి తరము? ఈ ప్రశ్నకు రాసు గణితముతో జవాబు చెప్పెను. 1908లో మారిషసు ద్వీపమును గూర్చి వ్రాసిన నివేదికలోను, 1911లో మలేరియా నివారణమును గూర్చిన తన గ్రంథపు రెండవ కూర్పులోను ఆ లెక్క విస్తరించి యున్నది.

ఆ తెన్నుననే నేనొక చిన్న లెక్క వేసి చూపెదను. సంఖ్యలు నేను ఊహించినవి; లెక్క తీరు మాత్రము ఆయనది. ఒక ఊరిలో 500 మంది జనము, వారిలో ఒక్కనికే జ్వరము. ఆ నెలలో మనిషికి 60 చొప్పున 30,000 దోమలు. అయిదింట ఒక దోమకే మనిషిని కుట్టు సందు దొరకునని యనుకొందము. అట్లు కుట్టునవి 6,000. అవి 500 మందిపై వ్రాలగా, రోగి వంతునకు వచ్చునవి 12. క్రిమి దోమలో పండుటకు ఇంచుమించు పది దినములు పట్టును. అంతదాక బ్రతుకునవి మూడింట ఒకటియే. కావున మిగిలినవి 4. వానిలో సగమునకు మరల మనిషి దొరకును. అనగా ఒక రోగివలన ఇద్దరు క్రొత్త రోగులు. ఇద్దరు నలుగురగుదురు, నలుగురు ఎనమండుగురగుదురు. చక్రవడ్డీ యెట్లు పెరుగునో మీకు చెప్పవలసిన పనిలేదు.

ఇప్పుడు గుంటలు పూడ్చి దోమలను సగము చేసితిమనుకొందము. ఒక రోగివలన ఒక్కడే రోగి. జ్వరము పెరుగదు, తరుగదు. మరికొంత తగ్గించినచో, ఇద్దరు రోగులకు ఒక్కడే మిగులును. వడ్డీ రాకపోగా అసలే కరగిపోవును. చూచితిరా! ఊరిలో వేలకొలది దోమలు ఇంకను ఎగురుచునే యున్నవి. జ్వరము మాత్రము తానై అణగును. దోమలనన్నింటిని చంపనక్కరలేదు, ఒక హద్దునకు దిగువగా నుంచిన చాలునన్నదే రాసు కనుగొన్న సత్యము.

లెక్కలో మరియొక మర్మము కలదు. కుట్టుట రెండుమారులు వచ్చినది గమనింపుడు: రోగిని కుట్టుట ఒకటి, ఆరోగ్యవంతుని కుట్టుట రెండవది. దోమతెరలచేత కాటులు సగమైనచో, జ్వరము సగము కాదు, పాతికకు దిగును.

పిమ్మట జార్జి మెక్డొనాల్డు అను ఆంగ్లేయ వైద్యుడు 1950 తరువాత ఈ లెక్కను ఇంకను ముందుకు నడపెను. దోమల సంఖ్యకంటె వాని ఆయువు ముఖ్యమని ఆయన తేల్చెను. దినమునకు నూటికి పది చొప్పున చచ్చినచో, పదిదినములకు నూటిలో రమారమి 35 మిగులును. నూటికి ఇరువది చొప్పున చచ్చినచో రమారమి 11 మాత్రమే మిగులును. ఇంటి గోడలకు మందు చల్లుటలోని బలము ఇదియే. కడుపునిండిన దోమ గోడపై వ్రాలి, క్రిమి పండకమునుపే చచ్చును.

ఇక పెద్దలు అడుగవచ్చును: దోమలను లెక్కించువారెవరు? దీనికి చెరువు చేపల యుపాయము కలదు. నూరు చేపలను పట్టి గురుతు పెట్టి విడువుడు. కొన్నాళ్లకు మరల నూరు పట్టగా పదింటికి గురుతు కనబడినచో, చెరువులో ఇంచుమించు వేయి చేపలున్నవని యర్థము. అమ్రాబాదు పులుల అభయారణ్యములో పులుల లెక్క కట్టుటకును ఈ సూత్రమే ఆధారము. అడవిబాటల ప్రక్కన కట్టిన కెమెరాలు తీసిన బొమ్మలలో పులి చారలే గురుతు. మన వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒకటిగా నుండవు. దోమలపై రంగుపొడి చల్లి విడిచి మరల పట్టి, శాస్త్రజ్ఞులు వాని సంఖ్యను ఆయువును తెలిసికొందురు. ఇట్లు కొలువని సంఖ్యలతో వేసిన లెక్క ఊహయే కాని శాస్త్రము కాదు.

ఈ లెక్కను మరచినచో నేమగునో మన దేశ చరిత్రయే చెప్పుచున్నది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమగు నాటికి ఏటేట 7 కోట్ల 50 లక్షల మంది జ్వరపడుచుండిరనియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. డి.డి.టి. చల్లగా 1965 నాటికి రోగుల సంఖ్య లక్ష ప్రాంతమునకు దిగెను. ఇక భయము లేదని జాగ్రత్త సడలెను. మందునకు లొంగని దోమలును బయలుదేరెను. 1976లో రోగులు 64 లక్షలకు మించిరి. రోగులు తగ్గిరే కాని, రోగమును పెంచు కారణములు తగ్గలేదు. ఎండిన చెరువు గండిని పూడ్వనివాడు వానకాలమున పొలము పోగొట్టుకొనును గదా!

2030 నాటికి దేశమునుండి మలేరియాను తొలగింపవలెనని 2016లో ప్రభుత్వము సంకల్పించెను. ఊరిలో జ్వరము కనబడని యేడే పెద్దలు ఎక్కువ మెలకువగా నుండవలసిన యేడు. అట్టి యేట అందరును ఇది వృథా ఖర్చనియే యందురు. అప్పుడు మీరు ఈ లెక్క చెప్పుడు. నిలిచిన నీటిని పారించుడు, తెరలు కట్టించుడు, జ్వరము వచ్చిన ప్రతివానిచేతను రక్తపరీక్ష చేయించుడు, జ్వరము దిగినదని నడుమ మాననీయక మందును తుదిదాక వాడింపుడు. రోగి రక్తమున క్రిమి మిగిలినన్నాళ్లు అతనిని కుట్టిన దోమలు లెక్కలోనే యుండును. కొండమీది పెంటలో ఒక్క రోగి యున్నను క్రింది యూళ్లవారు అతనిని తమవానిగానే యెంచవలెను. అడవిబాటన రాకపోకలు ఆగవు గదా. ఒకటిని ఒకటికంటె తక్కువ చేయుట, చేసినదానిని నిలుపుట — ఈ లెక్క కోరునది ఇంతే.