పెద్దల ఒళ్లు – పెద్దల జ్ఞాపకం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన వాల్మీకిపురంలో ఒక మనిషి బాగున్నాడని చెప్పాలంటే "ఒళ్లు చేసినాడు" అంటాము. క్షయ భయపెట్టిన కాలంలో, పక్కన మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియంలో రోగులు మంచం పట్టిన రోజుల్లో, ఆ మాటకు అర్థముండేది. ఇప్పుడు పెరిగింది కొవ్వా, కండా అని అడగవలసి వస్తున్నది.

2004లో పుణె డాక్టరు యాజ్ఞిక్, ఆయన ఇంగ్లీషు మిత్రుడు డాక్టరు యుడ్కిన్ తమ ఫోటోనే లాన్సెట్ వైద్య పత్రికలో వేయించినారు. ఎత్తుకు తగిన బరువు లెక్క ఇద్దరికీ ఒక్కటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నమే. కాని ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు నూటికి 9.1 వంతులు, యాజ్ఞిక్‌కు 21.2. మనలో చాలామంది తీరు ఇదే: కాళ్లు చేతులు సన్నము, పొట్ట ముందుకు. దీన్ని బరువు చూసే మిషను చెప్పదు, దర్జీ టేపు చెబుతుంది. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలి.

దీనికీ మతిమరుపుకూ సంబంధమేమిటి? పొట్టలోపలి కొవ్వు చక్కెర జబ్బును, రక్తపోటును పిలుచుకొస్తుంది. ఆ రెండూ మెదడులోని సన్నని రక్తనాళాలను ఏళ్ల తరబడి చెడగొడతాయి. కండ మన పక్షం. భోజనం తర్వాత రక్తంలోని చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది అదే. 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుకు మనం మార్చుకోగల కారణాలు 14 అని చెప్పింది. నడివయసు స్థూలకాయం, చక్కెర, రక్తపోటు, ఒళ్లు కదల్చకపోవడం అందులో ఉన్నవి.

"నడివయసు" అన్న మాట గమనించండి. డెబ్బై దాటాక సంగతి మారుతుంది. ఆ వయసులో కారణం తెలియకుండా బరువు తగ్గుతుంటే సంతోషించరాదు. కొందరిలో మరపు బయటపడకముందే బరువు తగ్గడం మొదలవుతుంది. కనుక దాదీమాను పస్తులుంచి సన్నబరచవద్దు. కొవ్వుతోపాటు కండా పోతుంది.

ఆ కండను మనమే, ప్రేమ కొద్దీ, కరిగిస్తున్నాము. "దాదీమా, నువ్వు కూర్చో, మేము చేస్తాములే" అంటాము. ఆమె కూర్చుంటుంది. ఏడాదికి లేవలేకపోతుంది. మసీదులో కుర్చీలూ అంతే. మోకాళ్లు నిజంగా సహకరించని వారికి వెసులుబాటు ఉన్నది, అందులో మాకు పేచీ లేదు. లేవగలిగిన వారు కూడా కుర్చీకి అలవాటుపడితే మాత్రం రుకూ, సజ్దాలలో అయిదు పూటలా తొడలకు దొరికే పని పోతుంది.

తిండి సంగతి. దావతు బిర్యానీ జోలికి పోతే మమ్మల్ని మళ్లీ ఎవరూ పిలవరు! రాత్రి టీ, బ్రెడ్డుతో సరిపెట్టుకునే ముసలివారి సంగతి చెబుతున్నాము. వారికి కోడిగుడ్డు, పప్పు, ఉలవలు, పెరుగు కావాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే డాక్టరును అడిగి పెట్టండి.

మనకొక మేలూ ఉన్నది. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడుతాము. 2013లో హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చినట్లు చూసినారు. చదువు రానివారిలోనూ ఈ తేడా కనబడింది.

మరపు కనబడితే "వయసైందిలే" అని వదలకండి. థైరాయిడ్ వల్ల, బి12 లోపం వల్ల వచ్చే మరపు మందులతో తగ్గవచ్చు.

సభ అయ్యాక వరండాలో టేపు, బి.పి. మిషను ఉంటాయి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేవగలరేమో కూడా చూస్తాము. ఆడవారికి పరదా వెనుక ఏర్పాటు చేసినాము, అక్కడ టేపు పట్టేది ఆడపిల్లలే.