నేను వాళ్లవాణ్ణి కాదు

 పట్టాల కోసం గౌన్లలో ఉడికిపోతున్న కొత్త డాక్టర్లూ, మర్యాదలు వదిలేసి నేరుగా విషయానికి వస్తాను.

1982 జూలైలో డెట్రాయిట్‌లో రెసిడెంట్ డాక్టర్‌గా చేరాను. జపాన్ కార్లు తమ కూడు లాక్కున్నాయని ఊరు మండిపడుతున్న రోజులు. నేను దిగడానికి కొద్దిరోజుల ముందే, 27 ఏళ్ల విన్సెంట్ చిన్‌ను కార్ల పరిశ్రమకు చెందిన ఇద్దరు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. అతను జపాన్‌వాడు కూడా కాదు, చైనా సంతతివాడు. పెళ్లి దగ్గరపడిన కుర్రాడు. మరుసటి ఏడు జడ్జి వేసిన శిక్ష ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా.

ఓ రోజు ఒక రోగి నా చెయ్యి తోసేసి, 'అంతా మీవాళ్ల వల్లే' అన్నాడు. నేనేమన్నాను? 'అయ్యా, నేను జపాన్‌వాణ్ణి కాదు, ఇండియావాణ్ణి.' అతను మెత్తబడ్డాడు. నేను హాయిగా బీపీ చూశాను. ఆ హాయి ఇప్పటికీ నన్ను కుడుతూనే ఉంది.

ఆసియావాళ్ల మీద ఆ కోపం కొవిడ్‌తోనే పోయింది కదా, ఇంకా ఈ గోలెందుకంటారు. 1900లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్లేగు వచ్చిందని చైనాటౌన్ చుట్టూ తాడు కట్టారు. తెల్లవాళ్ల దుకాణాలు ఎదురైనచోట గీత వంకర తిరిగింది. ఎలుకలు చిరునామా అడిగి వెళ్తాయనుకున్నారేమో! అప్పుడు ప్లేగు, తర్వాత కార్లు, 2020లో వైరస్. సాకు మారింది. 'వీళ్లు ఎన్ని తరాలున్నా పరాయివాళ్లే' అన్న లోపలి జబ్బు మారలేదు. జ్వరం తగ్గితే రోగం పోయినట్టేనా? డాక్టర్లు, మీకు నేను చెప్పాలా?

నాలాగే 'మనల్ని కాదులే' అనుకుంటారే, అదే నా బెంగ. 2017లో కాన్సస్‌లోని ఒలేతాలో మన హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను చంపినవాడు, తాను ఇరానీయుల్ని కాల్చానని చెప్పుకున్నాడు. ద్వేషం పాస్‌పోర్టు చూడదు నాయనా!

అమెరికాను తిడుతున్నానని చప్పట్లు కొట్టకండి. 2020లో మన నగరాల్లోనే ఈశాన్య రాష్ట్రాల పిల్లల్ని 'కరోనా' అని పిలిచారు. మీ హాస్టల్లో మణిపూర్, మిజోరం పిల్లల్ని ఏమంటారో నాకు చెప్పకండి, బీపీ పెరుగుతుంది.

ఒలేతాలో ఇయాన్ గ్రిలట్ అనే 24 ఏళ్ల తెల్లకుర్రాడు హంతకుడికి అడ్డుపడబోయి తూటా తిన్నాడు. 'నా గొడవ కాదు' అనడానికి అతనికి నాకన్నా ఎక్కువ వీలుంది. అంత సాహసం మిమ్మల్ని అడగను. మీ అమ్మానాన్నలు ఎదురుగానే ఉన్నారు. రేపు ఎవరైనా మీ చెయ్యి తోసేస్తే, నేనన్న మాట మాత్రం అనకండి. 'నేను డాక్టర్ని, చెయ్యి చాపండి' అనండి. ఆ నాలుగు మాటలు నాకు తట్టేసరికి రిటైరయ్యాను.