జనరేటరు ఏ అంతస్తులో ఉన్నది?

(ఈశాన్య ఋతుపవనాలకు ముందు చెన్నైలో జరిగిన అపార్ట్‌మెంటు నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నగరంలో ఏ అపార్ట్‌మెంటు కాపలాదారును అడిగినా జనరేటరు ఉన్నదనే జవాబు వస్తుంది. ఎక్కడున్నదని అడిగితే మాత్రం చాలా చోట్ల అతని వేలు కిందికే చూపిస్తుంది: కార్లు నిలిపే చోట ఒక మూలకో, నేలమాళిగకో, ప్రహరీగోడ పక్క పల్లానికో. ఈనాటి ప్రసంగమంతా ఆ వేలు చూపించిన చోటును గురించే.

2015 డిసెంబరు 1వ తేదీని ఇక్కడి తెలుగువారు ఎవరూ మరచిపోయి ఉండరు. ఎడతెగని వానకు చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీరు తోడై అడయారు నది పొంగింది. ఆ వరదలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలోకి నీరు చొచ్చుకొని వచ్చింది, జనరేటర్లు ఆగిపోయాయి. అక్కడి అత్యవసర చికిత్సా విభాగంలో ఉన్న 18 మంది రోగులు మరణించిన వార్త అప్పుడు దేశమంతటా వినిపించింది. ఆ మరణాలకు కరెంటు పోవడమే కారణమా, ముదిరిన రోగం కారణమా అన్న వాదోపవాదాలు తరువాత నడిచాయి. ఆ వాదన ఎలా ఉన్నా, ప్రాణాధార యంత్రాలకు అండగా ఉండవలసిన యంత్రం నీటికి అందేచోట ఉండడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క రాత్రి తెలియజెప్పింది.

పొరపాటు ఒక్క చెన్నైదే అనుకోవడం సరికాదు. 2011 మార్చి 11న జపానులో భూకంపం వచ్చినప్పుడు ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రానికి బయటి కరెంటు ఆగిపోయింది. డీజిల్ జనరేటర్లు అనుకున్నట్టే వెంటనే మొదలయ్యాయి. గంట గడవక ముందే సునామీ వచ్చి, నేలమాళిగలలో ఉన్న జనరేటర్లను ముంచేసింది. అదే ఆవరణలో కాస్త ఎత్తున ఉన్న ఒక జనరేటరు మాత్రం బతికింది, దాని పుణ్యాన 5, 6 రియాక్టర్లు నిలిచాయి. అంతటి సాంకేతిక విజ్ఞానం ఉన్న దేశంలో కూడా కొన్ని మీటర్ల ఎత్తు అంత తేడా తెచ్చింది.

2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూయార్కును తాకినప్పుడు జరిగినది ఇంకా విచిత్రం. అక్కడి బెల్‌వ్యూ ఆసుపత్రివారు జనరేటర్లను ముందుచూపుతో 13వ అంతస్తులో పెట్టుకున్నారు. డీజిల్‌ను పైకి తోడే పంపులు మాత్రం కింద నేలమాళిగలో ఉన్నాయి. పంపులు మునిగాయి. సిబ్బంది మెట్ల మీద బారులు తీరి, డీజిల్ డబ్బాలను చేతులు మార్చుకుంటూ 13 అంతస్తులు ఎక్కించవలసి వచ్చింది. జనరేటరును మిద్దె మీదికి చేర్చామని ధైర్యంగా ఉన్న సంఘాలు ఈ సంగతిని ఒకటికి రెండుసార్లు తలచుకోవడం మంచిది. జనరేటరుతో పాటు దాని కంట్రోల్ ప్యానెల్, స్టార్టరు బ్యాటరీ, ఛేంజ్‌ఓవర్ స్విచ్చి, డీజిల్ ట్యాంకు, ఈ అన్నింటినీ కలిపే కేబుళ్లు కూడా నీటికి అందని చోట ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి కింద మిగిలినా మొత్తం కింద ఉన్నట్టే లెక్క.

ఎత్తు ఎంత? 2015లో ఆ వీధిలో నీరు నిలిచిన మరక చాలా గోడల మీద నేటికీ ఉన్నది, లేనిచోట పాత నివాసులకు గుర్తున్నది. దానికంటే పైన సిమెంటు దిమ్మె కట్టించడం తక్కువ ఖర్చు పని. డాబా మీదికి ఎక్కించాలంటే మాత్రం బరువు, కుదుపు భవనం మోయగలదో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాలి. మేస్త్రీ మాట ఇక్కడ చాలదు.

వరద రోజుల్లో కరెంటు ఎందుకు పోతుందో కూడా తెలుసుకోవాలి. చెన్నైలో చాలా వీధులకు కరెంటు భూగర్భ కేబుళ్ల ద్వారా వస్తుంది. వాటిని కలిపే పిల్లర్ బాక్సులు రోడ్డు పక్కన నేలకు దగ్గరగా ఉంటాయి. నీరు వాటిని అందుకుంటే మనుషులకు షాకు కొట్టకుండా విద్యుత్ శాఖవారే సరఫరా నిలిపివేస్తారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటక ముందు చెన్నైని ముంచినప్పుడు కూడా అదే జరిగింది. ముందుజాగ్రత్తగా ఆపిన కరెంటు నీరు తగ్గితేనే వస్తుంది. పల్లపు ప్రాంతాలలో అది గంటల లెక్కకు అందదు, రోజుల లెక్కన సాగుతుంది. ఎండాకాలపు కోతల కోసం కొన్న ఇన్వర్టరు ఆ రోజులకు ఏ మూలకు?

ఉదాహరణకు, నాలుగో అంతస్తులో ఆక్సిజన్ కాన్సంట్రేటరు మీద ఉన్న ఒక వృద్ధురాలి సంగతి చూద్దాం. ఇంట్లో 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి ఉన్నది. కాగితం మీద దాని శక్తి 1,800 వాట్ అవర్లు. అయిదు లీటర్ల కాన్సంట్రేటరు సుమారు 350 వాట్లు తీసుకుంటుంది కనుక అయిదు గంటలు నడవాలి. కాని ఇన్వర్టరులో కొంత శక్తి వేడిగా పోతుంది, పాతబడిన బ్యాటరీ తన పూర్తి శక్తి ఇవ్వదు. మూడు గంటలు వస్తే గొప్ప. రెండు ఫ్యాన్లు, ఒక లైటు కూడా వేసుకుంటే రెండు గంటలకు పడిపోవచ్చు. ఆ ఇంటికి నిజమైన అండ కరెంటు అక్కరలేని సాధనమే: ఒక నిండు ఆక్సిజన్ సిలిండరు. 1,500 లీటర్ల సిలిండరు, నిమిషానికి రెండు లీటర్ల చొప్పున, సుమారు 12 గంటలు వస్తుంది. రెగ్యులేటరు బిగించడం ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు కరెంటు లేనప్పుడు ఫ్రిజ్ తలుపును మాటిమాటికీ తెరవకుండా ఉంటే చల్లదనం నిలుస్తుంది.

కొనేటప్పుడు మరొక మాట. చవక ఇన్వర్టర్లు కొన్ని చతురస్ర తరంగపు కరెంటు ఇస్తాయి. వైద్య పరికరాలకు, మోటార్లకు అది పనికిరాదు, సైన్ వేవ్ రకమే తీసుకోవాలి. జనరేటరు తనంతట తాను మొదలై కరెంటు అందించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఫ్యానుకు ఆ సెకన్లు లెక్క కాదు, కంప్యూటరుకూ వెంటిలేటరుకూ మాత్రం ఆ విరామం చాలా ఎక్కువ. ఆ ఖాళీని పూరించేదే యూపీఎస్.

అపార్ట్‌మెంటు జనరేటరు సాధారణంగా లిఫ్టుకు, మెట్ల దీపాలకు, నీళ్ల మోటారుకు మాత్రమే కలిపి ఉంటుంది. రోగి ఉన్న ఇంటికి ఒక్క ప్లగ్గుకు లైను ఇమ్మని సంఘంలో అడిగితే "అందరూ అడుగుతారు" అన్న జవాబు వినిపించడం కొత్త కాదు. అందరూ అడగరు, నిజానికి ఏసీకి అడిగేవారే ఎక్కువ. ప్రాణావసరానికి ఒకటి, సౌకర్యానికి మరొకటి అని రెండు జాబితాలు సర్వసభ్య సమావేశంలో ముందే రాసి ఆమోదించుకుంటే, వరద రాత్రి మెట్ల మీద నిలబడి వాదించుకునే దుస్థితి తప్పుతుంది. జాబితా రాసేనాడు అద్దెకున్నవారినీ పిలవాలి. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వైద్యం కోసం వచ్చి, ఆసుపత్రి దగ్గరలో గది తీసుకొని ఉంటున్న రోగి పేరు యజమానుల సంఘం దస్తరంలో ఉండదు.

ప్రమాదం తెచ్చిపెట్టే పనులు రెండు ఉన్నాయి. అద్దెకు తెచ్చిన చిన్న జనరేటరును వరండాలోనో, నేలమాళిగలోనో నడపకూడదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ఇక జనరేటరు తీగను తిన్నగా గోడ ప్లగ్గులో గుచ్చడం మరీ దారుణం. ఆ కరెంటు వెనుదిరిగి వీధి లైనులోకి పోతుంది, సరఫరా ఆగిందన్న నమ్మకంతో స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్‌ను చంపుతుంది. ఛేంజ్‌ఓవర్ స్విచ్చి లేకుండా ఏ జనరేటరునూ ఇంటి వైరింగుకు కలపరాదు.

పరీక్ష విషయంలో చాలా సంఘాలు తమను తాము మోసగించుకుంటాయి. నెలకొకసారి ఇంజను అయిదు నిమిషాలు తిప్పి, పుస్తకంలో సంతకం పెడతారు. భారం లేకుండా తిరిగే ఇంజను భారాన్ని మోయగలదని ఎవరూ చెప్పలేరు. అవసరమైనప్పుడు జనరేటరు మొదలుకాకపోవడానికి తరచు కారణం దాని స్వంత స్టార్టరు బ్యాటరీయే.

కనుక సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం, నివాసులందరికీ ముందు రోజే తెలిపి, ఎలక్ట్రీషియను చేత మెయిన్ ఆపించాలి. ఒకరు గడియారం చూడాలి, ఒకరు లిఫ్టు దగ్గర నిలబడాలి, ఒకరు రోగి ఉన్న ఇంటికి వెళ్లాలి. అరగంట పాటు లిఫ్టు, మోటారు, జాబితాలోని ఇళ్లు అన్నీ జనరేటరు మీదే నడవాలి. ఎన్ని సెకన్లకు కరెంటు వచ్చింది, ఎంత డీజిల్ ఖర్చయింది, ట్యాంకులో మిగిలినది ఎన్ని గంటలకు వస్తుంది అన్న మూడు అంకెలను నోటీసు బోర్డు మీద రాసి పెట్టాలి. వాటి కిందనే కార్పొరేషన్ సహాయ కేంద్రం 1913, అంబులెన్సు 108 నంబర్లను తమిళంలోను తెలుగులోను పెద్ద అక్షరాలతో రాయించాలి.