అందరి బాకీ మోసేది చిన్న మేస్త్రీయే

(విజయనగరంలో తాపీ మేస్త్రీలు, భవన నిర్మాణ చేతిపనివాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమ్మా, ముందు మీరు కూర్చోండి. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఊరందరికీ ఇళ్ళు కట్టేది మీరు, కుర్చీలో కూర్చోడానికి మొహమాటపడేదీ మీరే.

మాంద్యం గురించి మాట్లాడమన్నారు. పేపర్లో ఈ మాట వచ్చినప్పుడల్లా పక్కన షేర్ మార్కెట్ గీత ఒకటి కిందికి జారుతూ కనిపిస్తుంది. ఆ గీతతో మనకి పని లేదు. మనకి మాంద్యం శనివారం సాయంత్రం తెలుస్తుంది. బట్వాడా టైముకి ఇంటి యజమాని ఫోనెత్తడు. కలాసీలు బకెట్లు కడిగి, కాళ్ళు కడుక్కుని, గోడవార కూర్చుని మేస్త్రి మొహం చూస్తుంటారు. "ఏటి మేస్త్రీ, ఈ వారం కూడా ఒట్టిదేనా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ మాట ఏ అర్థశాస్త్రం పుస్తకంలోనూ ఉండదు గానీ మాంద్యానికి అంతకన్నా సరైన అర్థం నాకు దొరకలేదు.

పని తగ్గడం ఒక కష్టం. దానికి మనం అలవాటు పడ్డవాళ్ళమే, వానాకాలంలో ఏటా తగ్గుతుంది. అసలు దెబ్బ వేరే ఉంది. పైన ఎక్కడ డబ్బు ఆగినా ఆ బరువంతా జారుకుంటూ వచ్చి ఒక మనిషి భుజాల మీద పడుతుంది. ఆ మనిషి చిన్న మేస్త్రి. బ్యాంకు ఆలస్యం చేస్తే యజమాని ఆపుతాడు. యజమాని ఆపితే మేస్త్రి ఆపలేడు. కలాసీ ఇంట్లో పొయ్యి ఆ రాత్రే వెలగాలి గదా. అప్పు చేసైనా ఇవ్వాలి.

ఒక లెక్క చూద్దాం. ఊహించిన లెక్కే, కానీ మీలో చాలామందికి సొంత లెక్కలాగే అనిపిస్తుంది. 4 లక్షలకి లేబరు కాంట్రాక్టు మాట్లాడుకున్న ఇల్లు. స్లాబు పడేసరికి యజమాని ఇచ్చింది 2 లక్షల 40 వేలు. మేస్త్రి ఖర్చు పెట్టింది 2 లక్షల 70 వేలు. పునాదిలో రాయి తగిలి నాలుగు రోజులు ఎక్కువ పట్టింది, స్లాబు రోజున అదనంగా మనుషుల్ని పెట్టాల్సి వచ్చింది. మామూలు రోజుల్లో ఈ 30 వేల తేడా ప్లాస్టరింగ్‌లో పూడిపోతుంది. ఫ్లోరింగ్ అయ్యాక, ఆఖరి బిల్లులో, ఆ పాతికో ముప్ఫయ్యో వేలు మేస్త్రికి మిగులుతాయి. మేస్త్రి లాభం ఎప్పుడూ ఆఖరి బిల్లులోనే కూర్చుని ఉంటుంది. మాంద్యంలో ఇళ్ళు ఎక్కడ ఆగుతాయి? స్లాబు పడ్డాక ఆగుతాయి. యజమాని డబ్బు ఎక్కువగా కరిగేది అక్కడే. కాబట్టి లాభం రాకముందే, అప్పు మాత్రం తలకెత్తుకున్నాక పని ఆగిపోతుంది. యజమానికి సగం ఇల్లయినా మిగిలింది, అది ఆయన ఆస్తి. మేస్త్రికి మిగిలింది బాకీ.

ఇరవై ఏళ్ళలో ఇలాంటి దెబ్బలు నాలుగు తిన్నాం. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే బ్యాంకు కూలింది. దానికీ మనకీ ఏం సంబంధం అనుకున్నాం. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ గుట్టు బయటపడింది. హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు కొనేవాడు వెనక్కి తగ్గాడు. అక్కడ సెంట్రింగ్ కొడుతున్న మన కుర్రాళ్ళు మూట కట్టుకుని రైలెక్కారు. అదే ఏడాది నవంబరులో దుబాయిలో అప్పులు కట్టలేమన్న వార్త వచ్చేసరికి గల్ఫ్‌కి వెళ్ళిన సిక్కోలు వెల్డర్ల ఇళ్ళల్లో గుబులు. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దు చేశారు. మన పనంతా శనివారం చేతికిచ్చే రొక్కం మీద నడుస్తుంది. పని ఉంది, యజమాని ఖాతాలో డబ్బుంది, బట్వాడాకి నోటు లేదు. పాత నోట్లే కూలిగా తీసుకుని బ్యాంకు ముందు ఇంకో రోజు కూలి పోగొట్టుకున్న వాళ్ళు ఇక్కడే ఉన్నారు.

మూడోది 2019 ఇసుక. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది అమెరికా నుంచి రాలేదు. 2016 మార్చిలో ఇసుక ఉచితం అన్నారు. 2019లో ప్రభుత్వం మారింది, పాత విధానం ఆపేశారు, కొత్త విధానం సెప్టెంబరు 5న గానీ రాలేదు. ఖనిజాభివృద్ధి సంస్థ అమ్ముతుంది, ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, రీచ్ దగ్గర టన్ను 375 రూపాయలు, బండి కిరాయి వేరే. నెల్లిమర్ల దగ్గర చంపావతి కళ్ళెదుట పారుతోంది, అటు నాగావళి, ఇంకా అటు వంశధార. ఏటి ఒడ్డున పుట్టినవాడు గుప్పెడు ఇసుక కోసం కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మన భాషలో ఏరంటే నీళ్ళతోపాటు ఇసుక కూడా, ఆ సంగతి అమరావతిలో ఎవరికీ తెలిసినట్టు లేదు. ఆ నెలల్లో సెంట్రింగ్ కొట్టి, ఊచ కట్టి, స్లాబు పోయడానికి ఇసుక లేక ఆగిపోయిన ఇళ్ళు ఎన్ని? ఊచ తుప్పు పట్టింది, అది యజమాని నష్టం. కింద నిలబెట్టిన రేకులకీ పోటీలకీ అద్దె రోజురోజుకీ నడుస్తూనే ఉంది, అది మేస్త్రి నష్టం. ఇంటి మీద ఇసుక లేదు, మేస్త్రి నెత్తి మీద మాత్రం అద్దె ఉంది. భవన నిర్మాణ కార్మికుల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. నవంబరు 3న విశాఖలో పవన్ కళ్యాణ్ లాంగ్ మార్చ్ చేశారు, 14న విజయవాడలో చంద్రబాబు దీక్ష చేశారు. సభలు అయ్యాయి, జనం ఇళ్ళకి పోయారు. ఇసుక మళ్ళీ ఉచితం అయింది 2024 జూలై 8న. ఆ మధ్యలో పోయిన కూలిరోజుల లెక్క ఏ శాఖ దగ్గరా లేదు.

ఆ ఇసుక గొడవ పూర్తిగా తీరకముందే 2020 మార్చి 25న లాక్‌డౌన్. దాని గురించి మీకు నేను చెప్పేదేముంది. నడిచొచ్చిన వాళ్ళు ఇక్కడే కూర్చున్నారు.

ఇప్పుడు మన వాళ్ళు ఎలా నెగ్గుకొచ్చారో, ఎలా మునిగారో చూద్దాం. మునిగిన దారులు ముందు చెప్తాను. పని తగ్గగానే ఒక మేస్త్రి చదరపు అడుగుకి పది రూపాయలు తగ్గిస్తాడు, పక్క మేస్త్రి పదిహేను తగ్గిస్తాడు. ఆ తగ్గింది ఎక్కడి నుంచి తేవాలి? ముందుగా ఆడవాళ్ళ కూలి కోస్తారు, తర్వాత వాళ్ళనే మానిపిస్తారు. ఇద్దరు మోసే బరువు ఒకరు మోస్తారు. నీళ్ళు కట్టడం వారం రోజుల బదులు మూడు రోజులు. రెండేళ్ళకి గోడ బీటలిస్తే ఆ మేస్త్రికి ఆ వీధిలో మళ్ళీ పని దొరకదు. రెండో దారి వారం వడ్డీ ఫైనాన్సు. వాడు కూడా శనివారమే వస్తాడు. మూడో దారి రైలు. హౌరా-చెన్నై లైను మీద ఉన్న ఊరు మనది, రాత్రి ఎక్కితే మర్నాటికి ఎక్కడో ఒక సైటు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతుండగానే 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్ళు చాలామంది. ఇక్కడ పని దొరక్క అక్కడికి పోయినవాళ్ళు వాళ్ళు. వలసని ఉపాధి అని రాసే పెద్దమనుషులు ఆ శవాలు ఊళ్ళకి చేరిన రోజు ఇక్కడ లేరు.

నిలబడ్డ వాళ్ళేం చేశారు? నేను చూసినంతలో ఇవి. మొదటిది, సిమెంటు కొట్టులో ఖాతా యజమాని పేరు మీదే తెరిపించారు. ఇది చిన్న విషయంలా ఉంటుంది. మేస్త్రి మాట మీద సరుకిచ్చిన కొట్టువాడు మాంద్యంలో మేస్త్రి ఇంటికే వస్తాడు. సరుకు ఎవరి ఇంటికి పోయిందో వాళ్ళ పేరే పుస్తకంలో ఉండాలి. రెండోది, డబ్బు ముందు, పని తర్వాత. పునాది డబ్బు పునాది తవ్వకముందు, స్లాబు డబ్బు సెంట్రింగ్ కొట్టకముందు. ఒక తెల్ల కాగితం మీద రాసి యజమాని చేత సంతకం పెట్టించుకోవాలి. "మనలో మనకి కాగితమేంటి మేస్త్రీ" అంటారు. అన్నవాళ్ళ దగ్గర తప్పకుండా పెట్టించుకోండి. సరుకు ఆలస్యమై సెంట్రింగ్ నిలబడిపోతే ఆ రోజుల అద్దె యజమానిదే అని కూడా అందులో రాయాలి. 2019లో ఈ ఒక్క ముక్క రాసుకుని ఉంటే ఎన్ని పుస్తెలు తాకట్టు కొట్టుకి పోకుండా ఉండేవో.

మూడోది మరమ్మతులు. కొత్త ఇల్లు ఆగుతుంది గానీ కారే డాబా ఆగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక ఎగిరిపోయిన రేకులు వేయడానికి, కూలిన ప్రహరీలు లేపడానికి మనుషులు దొరకలేదు. పిట్టగోడ, సెప్టిక్ ట్యాంకు, బాత్‌రూం టైల్సు, పాత వైరింగు, ఇవి చిన్న పనులని పెద్ద మేస్త్రీలు వదిలేస్తారు. కానీ డబ్బు సాయంత్రమే చేతికొస్తుంది, ఎవరి బాకీ మోయక్కర్లేదు. తాపీ, ప్లంబరు, కరెంటు, పెయింటరు నలుగురూ కలిసి ఒక ఫోను నంబరు పెట్టుకుంటే పనిలోంచి పని వస్తుంది. నాలుగోది, జట్టుని విడగొట్టకపోవడం. ఆరుగురికి నాలుగు రోజుల పనుంటే ఇద్దరిని మానిపించకుండా వంతులేసుకున్న జట్లు లాక్‌డౌన్ తర్వాత ముందుగా లేచాయి. జట్టు చెల్లాచెదురైన మేస్త్రికి పనులొచ్చినా మనుషులు లేరు.

సర్కారు పనిలో భద్రత ఉంటుందని కొందరంటారు. గుంకలాం చూడండి. 2020 డిసెంబరు 30న ముఖ్యమంత్రి జగన్ వచ్చి పట్టాలు పంచారు, పన్నెండు వేలకి పైగా ప్లాట్లు. ఇంటికి సాయం 1 లక్ష 80 వేలు, అదీ దశలవారీ బిల్లు. ఆ డబ్బుకి ఇల్లు పూర్తికాదని మేస్త్రీలందరికీ తెలుసు. మిగతాది లబ్ధిదారు వేసుకోవాలి. ఆవిడ దగ్గర ఉంటే ప్రభుత్వ ఇల్లు ఎందుకడుగుతుంది? బిల్లు పడేదాకా ఆగేది ఎవరో మళ్ళీ చెప్పక్కర్లేదు. పేదవాడి ఇంటికి పేద మేస్త్రి అప్పు పెట్టడమే ఈ పథకం పనిచేసే తీరు.

పెద్ద పనులు మన గడపలోకే వచ్చాయి గదా అని ఇంకొకరంటారు. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన చేశారు. పెద్ద కంపెనీ, దాని కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద ఇంకొకడు, ఆ కింద లేబరు పంపేవాడు. పెద్ద పనులన్నిట్లో వరస ఇదే. ఆ నిచ్చెనలో మన మేస్త్రికి దొరికేది అట్టడుగు మెట్టు, డబ్బు ఆఖరున చేరేది కూడా ఆ మెట్టుకే. అమరావతి కూడా అంతే. 2015లో శంకుస్థాపన, 2019లో ఆగింది, 2025 మే 2న మళ్ళీ మొదలైంది. హైదరాబాదు ఆగినా, అమరావతి ఆగినా ముందు చల్లారేది మన ఊళ్ళో పొయ్యి. ఉత్తరాంధ్రలో ఉన్న పనిని చిన్న ముక్కలుగా చేసి ఇక్కడి చిన్న మేస్త్రీల జట్లకే నేరుగా ఇవ్వమని, నెల తిరక్కుండా బిల్లు చెల్లించమని మనం అడుగుతున్నాం. ఇది ఎవరి దయా కాదు.

ఇంక మన డబ్బు సంగతి. కట్టడం ఖర్చులో నూటికి 1 రూపాయి సెస్సు వసూలు చేయాలని 1996 చట్టం. ఆ డబ్బు పనివాళ్ళ సంక్షేమ బోర్డుకి పోవాలి. 2020 లాక్‌డౌన్ మొదట్లో దేశమంతా కలిపి సుమారు 52 వేల కోట్లు ఈ సెస్సు నిధుల్లో ఉన్నాయని కేంద్రమే చెప్పింది. 52 వేల కోట్లు ఉండగా మనవాళ్ళు రోడ్డు మీద నడిచారు. మన రాష్ట్రంలో బోర్డు పథకాలు ఆపేసిన 1214 మెమోని రద్దు చేయమని సంఘాలు ఎన్ని ధర్నాలు చేశాయో మీకు తెలుసు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో 10 లక్షల లోపు సొంత ఇంటికి సెస్సు మినహాయింపు. కొత్త కోడ్‌లో ఆ గీత 50 లక్షలు. మన వీధుల్లో మనం కట్టే సొంత ఇళ్ళలో 50 లక్షలు దాటేవి ఎన్నో మీరే చెప్పండి. సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గిందని 2025 సెప్టెంబరులో పండగ చేశారు. మంచిదే. ఈ తగ్గిన సెస్సు గురించి మాత్రం ఎవరూ మైకు పట్టుకోలేదు.

విశ్వకర్మ పథకం గురించి అడుగుతున్నారు. 2023 సెప్టెంబరు 17న పెట్టారు, 18 వృత్తులు. తాపీ మేస్త్రి, వడ్రంగి, కమ్మరి ఉన్నారు. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షలు. వారం వడ్డీవాడితో పోలిస్తే నయమే, అర్హత ఉన్నవాళ్ళు పెట్టుకోండి. ప్లంబరు, పెయింటరు, ఎలక్ట్రీషియను ఆ జాబితాలో లేరు. గోడ కట్టేవాడు విశ్వకర్మ, గోడలో పైపు వేసేవాడు కాదట.

ఎక్కువ మాట్లాడాను, టీ చల్లారిపోతోంది. బయట బల్ల దగ్గర కుర్రాళ్ళు ఫారాలు పెట్టుకుని కూర్చున్నారు. 18 నుంచి 60 ఏళ్ళ లోపు వాళ్ళు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్ళు బోర్డులో నమోదుకి అర్హులు. ఆధార్, బ్యాంకు పుస్తకం తెచ్చుకున్న వాళ్ళు ఇప్పుడే రాయించుకోండి. కలాసీ అక్కలు ముందు వెళ్ళండి, మీ పేర్లే ఎప్పుడూ ఆఖర్న మిగిలిపోతున్నాయి. 90 రోజుల కాగితం లేదని ఎవరూ వెనక్కి పోవద్దు. మీ మేస్త్రి ఈ హాల్లోనే ఉన్నాడు, సంతకం పెట్టించుకునే వెళ్ళండి.