చేతుల్లో కనిపించే మనిషి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలల నుంచి నేడు పట్టాలు అందుకొంటున్న పట్టభద్రుల ముందు ఈ స్నాతకోత్సవ వేదిక, మనిషిని గుర్తించడానికి ముఖమొక్కటే ఆధారమా అన్న ప్రశ్నను ఉంచుతున్నది.

న్యూయార్క్‌లో ‘291’ అనే చిన్న గ్యాలరీ నడిపిన, ఈ ప్రశ్నకు కాదని జవాబిచ్చిన ఛాయాచిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ (1864–1946), ఛాయాచిత్రం చిత్రలేఖనాన్ని అనుకరించకుండా సొంత బలంతో కళగా నిలవాలని వాదించినవాడు. ఛాయాచిత్రకళలో ఆధునికత అన్నది ప్రధానంగా ఈ పట్టుదలే. 1917లో చిత్రకారిణి జార్జియా ఓకీఫ్‌ను తొలిసారి ఫొటో తీసినప్పుడు అతడు ఆమె ముఖంతోపాటు చేతులను విడిగా చిత్రించాడు. 1937 దాకా సాగిన ఆ వరుసలో మూడు వందలకు పైగా చిత్రాలున్నాయి. ఏ మనిషీ ఒక్క చిత్రంలో ఇమడరనీ, ఏళ్ల తరబడి తీసిన ముఖం, చేతులు, దేహం కలిస్తేనే రూపచిత్రం అవుతుందనీ అతని నమ్మకం.

1919 నాటి ఒక చిత్రంలో ముఖమే లేదు. చీకటి నేపథ్యంలో రెండు చేతులు, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కొన్న లోహపు తొడుగు మీద చిన్న మెరుపు. వెండికి బదులు పల్లాడియం లోహంతో ముద్రించినందువల్ల నలుపు తెలుపుల నడుమ ఛాయలు మెత్తగా పరుచుకొని, చర్మపు ముడతలు సైతం కంటికి ఆనుతాయి. కెమెరా ముందు నిమిషాల తరబడి కదలకుండా ఉండవలసి వచ్చేదని ఓకీఫ్ తరువాత గుర్తుచేసుకొన్నది.

ఓకీఫ్ చేతుల తొలి చిత్రాలు తీసిన 1917లోనే, కోదాడ నుంచి రాష్ట్ర సరిహద్దు దాటితే ఎంతో దూరం లేని పెనుగంచిప్రోలులో పుట్టిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామితో కలిసి, నాట్యంలో చేతుల భాషను వివరించే నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించి ప్రచురించాడు. చీరాల–పేరాల ఉద్యమ నాయకుడిగానే ఆయనను స్మరించే తెలుగువారు ఈ పనిని దాదాపుగా మరచిపోవడం విచారకరం. ఆ కుమారస్వామే బోస్టన్ మ్యూజియంలో ఉండగా, 1924లో స్టీగ్లిట్జ్ ఛాయాచిత్రాలు 27 అక్కడి సేకరణలో చేరాయి.

అభినయదర్పణం చెప్పే 28 అసంయుత హస్తాలలో, అంటే ఒంటిచేతి ముద్రలలో, పతాకం ఎవరు పట్టినా పతాకమే. అక్కడ చేయి వ్యక్తిని విడిచి అర్థాన్ని మోస్తుంది. స్టీగ్లిట్జ్ తీసిన చేయి మాత్రం ఓకీఫ్‌ది తప్ప మరెవరిదీ కాదు. అయితే తొలినాటి కొన్ని చిత్రాలలో వేళ్లు నాట్యభంగిమలా మెలి తిరిగి, ఆ భావం ఆమెదా, తీసినవానిదా అన్న సందేహం కలిగిస్తాయి. కుట్టుపనిలో ఉన్న చేతుల చిత్రమే వాటికన్నా గొప్పది, ఎందుకంటే అందులోని చేతులు ఎవరి మెప్పునూ కోరడం లేదు.

సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి ఆలయాలను కాకతీయుల కాలంలో చెక్కిన శిల్పుల చేతులు ఎలా ఉండేవో తెలుసుకొనే దారి నేడు లేదు. మిర్యాలగూడ మిల్లుల్లో గుప్పెడు వడ్లను అరచేతిలో నలిపి తేమను పసిగట్టే చేతులు మాత్రం ఇంకా ఉన్నాయి, పట్టభద్రుల జేబుల్లో కెమెరాలూ ఉన్నాయి. అటువంటి చేతులను, ఆ చేతులు గలవారి అనుమతితో, పని చేస్తుండగానే, ఏళ్ల తరబడి చిత్రించి, ఒక్కొక్క చిత్రం కింద పేరు, పని, ఊరు, సంవత్సరం రాసి కళాశాల గ్రంథాలయాలలో భద్రపరచాలని ఈ వేదిక పట్టభద్రులను అభ్యర్థిస్తున్నది.