ఇనుము మీద ఏం జరుగుతుంది?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఉర్దూ పాఠాల్లో ‘అమల్ అంగేజ్’ అనే మాట వస్తుంది. తెలుగులో ఉత్ప్రేరకం అంటారు. తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను త్వరపెట్టే పదార్థమన్నమాట. పిల్లలు ఈ నిర్వచనం కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకుంటారు. మేము క్లాసులో హైడ్రోజన్ పెరాక్సైడులో మాంగనీస్ డయాక్సైడు వేసి చూపిస్తాము. గడ్డగా వేస్తే బుడగలు మెల్లగా వస్తాయి. అదే తూకం మెత్తగా నూరి వేస్తే బుసబుసా పొంగుతుంది. పొడికి పైభాగం ఎక్కువ గదా! పని జరిగేదంతా ఆ పైభాగం మీదనే.

పొలంలో చల్లే యూరియాకు అమ్మోనియా కావాలి. గాలిలో నత్రజని నూటికి 78 వంతులున్నా, దాని అణువులో రెండు పరమాణువులు గట్టిగా పట్టుకొని ఉంటాయి, ఒక పట్టాన విడిపోవు. 1909లో జర్మనీలోని కార్ల్‌స్రూహ్‌లో హేబర్ అనే ప్రొఫెసరు, అధిక పీడనంలో ఆస్మియం లోహం సాయంతో నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా తీశాడు. ఆస్మియం అరుదైన లోహం. కంపెనీవారు వేలకొద్దీ ప్రయోగాలు చేసి, చివరకు ఇనుముతోనే పని జరుగుతుందని కనుగొన్నారు. 1913లో కర్మాగారం నడిచింది. (అదే అమ్మోనియా యుద్ధంలో మందుగుండుకూ పోయింది, అది వేరే కథ.)

అయితే ఆ ఇనుము మీద ఏం జరుగుతోంది? నత్రజని ముందు విడిపోతుందా, లేక హైడ్రోజన్ తగిలిన తర్వాత విడిపోతుందా? చాలా ఏళ్ళు తగవు తేలలేదు. తేల్చినవాడు గెర్హార్డ్ ఎర్ట్‌ల్. 1973 నుంచి 1986 దాకా మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. ఆయనకు కావలసింది పరిశుభ్రమైన ఇనుప తలం. అది ఎంత కష్టమో చూడండి: గాలి ఒత్తిడిని నూరు కోట్లవ వంతుకు తగ్గించినా, తుడిచిన లోహం మీద సుమారు ఒక్క సెకనులో వాయువు పొర పరుచుకుంటుంది. ఇంకా వేల రెట్లు తగ్గిస్తే గాని పరీక్షకు వ్యవధి దొరకదు. అంత శూన్యంలో చూసి, నత్రజని అణువు ముందుగా ఇనుము మీదనే రెండుగా చీలుతుందనీ, అన్నిటికంటె నెమ్మదైన మెట్టు అదేననీ తేల్చాడు. ఇనుములో కొద్దిగా పొటాషియం ఎందుకు కలుపుతారో కూడా దీనితో అర్థమైంది. అది ఆ చీలికను సులభం చేస్తుంది. 2007లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

“ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది గదా మాస్టర్ సాబ్, ఇంకా పరిశోధన ఎందుకు?” అంటారేమో. ఏ మెట్టు దగ్గర ఆలస్యమవుతోందో తెలియకపోతే, కొత్త ఉత్ప్రేరకం కోసం మళ్ళీ గుడ్డిగా వేల ప్రయోగాలు చేయవలసిందే.

“బి.ఎస్సీ. చదివి ఏం చేస్తాడు? ఏసీ పని నేర్చుకుంటే దుబాయి పోవచ్చు” అని కూడా అంటారు. ఇంటి అవసరం మాకు తెలియనిది కాదు. కాని ఉర్దూ మీడియం పిల్లలకు పరిశోధన మాట ఎందుకనే వారితో మాత్రం మేము ఏకీభవించము. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు రసాయన శాస్త్రం ఉర్దూలోనే చెప్పారు.

మన సంఘం స్కాలర్‌షిప్పు ఫారంలో ఇంటర్, పాలిటెక్నిక్, డిగ్రీ గడులున్నాయి. ఎం.ఎస్సీ.కి, ఆపైన ప్రయోగశాలలో నాలుగైదేళ్ళు కూర్చుంటామనే అబ్బాయికి, అమ్మాయికి గడి లేదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో దానిని చేర్చమని మా మనవి. రాసిన కాగితం కార్యదర్శిగారికి ఇప్పుడే అందజేస్తున్నాము.